"దయచేసి" దగ్గర ఊపిరి

సర్వర్ గది పక్క బల్ల,
మార్చి 4.

వదినా,

నువ్వు చెప్పినట్టే పెద్దక్షరాలతో రాస్తున్నాను. పేజీకి పది వరసలు కూడా పట్టడం లేదు. ఎలాగూ నీకు చదివి వినిపించేది అన్నయ్యే కాబట్టి, అన్నయ్యా, ఉన్నది ఉన్నట్టు చదువు, మధ్యలో నీ వ్యాఖ్యానం కలపకు.

ఆఫీసు నిలబడే ఉంది. నిన్న పై ఆఫీసు నుంచి ఒకావిడ తనిఖీకి వచ్చి, "అసలు మీరిక్కడ చేసే పనేంటమ్మా?" అని అడిగింది. నువ్వుంటే నీ వెనక నక్కేదాన్ని. లేవు కాబట్టి నోరు విప్పక తప్పలేదు. జబ్బు ముదిరి స్వరపేటిక తీసేయాల్సిన వాళ్ళు ఆపరేషన్‌కి ముందు మా అద్దాల గదిలో కూర్చుని ఆరువందల వాక్యాలు చదువుతారండీ, వాటిలోంచి మా ఇంజనీరు, మేం మేస్త్రి అంటాం, ఒక గొంతు కడతాడండీ, తర్వాత వాళ్ళు చేతిలో పెట్టె మీద టైపు చేస్తే అది అచ్చం వాళ్ళ గొంతుతోనే మాట్లాడుతుందండీ అన్నాను. "మరి నువ్వో?" అంది. "వచ్చిన ఫైళ్ళన్నీ సర్వర్ మీద ఎక్కడివక్కడ సర్దుతానండీ" అన్నాను. ఆవిడ ముఖం చూస్తే నేను ఆ గది ఊడ్చే మనిషిననుకున్నట్టుంది.

ఒక రకంగా నిజమే. ఒక్కో వాక్యం మూడుసార్లు చదివిస్తాం, అంటే మనిషికి పద్దెనిమిది వందల ఫైళ్ళు. పేర్లు మార్చాలి, ఎవరి ఫోల్డర్లో వాళ్ళవి వేయాలి, మేస్త్రి పని అయిపోయాక అక్కర్లేనివి తీసేయాలి. ఇదంతా ఇన్నేళ్ళు చేత్తో ఎలా చేశావు తల్లీ? మౌసు పట్టి పట్టి నా చూపుడు వేలు వాచింది. పైగా డిస్కు తొంభై ఒక్క శాతం నిండింది. పూర్తిగా నిండిందంటే వెబ్‌సైటు ఆగిపోతుంది, తమవాళ్ళ గొంతు విందామని వచ్చిన ఇంటివాళ్ళకి తెల్ల పేజీ కనిపిస్తుంది.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. చేత్తో చేసేవన్నీ స్క్రిప్టులుగా రాసేస్తాను. చేయాల్సిన పనులు కమాండ్ల రూపంలో ఒకదాని కింద ఒకటి రాసి, ఫలానా టైముకి లేచి నువ్వే చేసుకో అని సర్వర్‌కి అప్పజెప్పడమే కదా! నువ్వు నేర్పింది సగమే అయినా మిగతా సగం నేను లాక్కొస్తాను. ఒక్కోటీ ప్రింటు తీసి పంపిస్తా, నువ్వు సరే అన్నాకే నడిపిస్తా.

ఆపరేషన్ చేసిన కన్ను ఎలా ఉంది? అది ముందు రాయి.

నీ తొందరమ్మ.


కంటి ఆసుపత్రి వెనక వీధి, మూడో అంతస్తు గది,
మార్చి 11.

తొందరమ్మకి,

కన్ను బాగానే ఉంది. తెర చూడకూడదు, చిన్నక్షరాలు చూడకూడదు, వంగకూడదు, తుమ్మకూడదు అన్నారు. మొదటి మూడూ పాటిస్తున్నాను, తుమ్ము మాత్రం నా మాట వినడం లేదు. ఈ ఉత్తరం లావు మార్కర్‌తో నేనే రాస్తున్నాను.

ఫోన్ చేస్తానని అన్నయ్యతో అన్నావట. వద్దు. ఫోన్లో నువ్వు సగం విని "ఆ, ఆ, అర్థమైంది" అంటావు. ఆ అర్థమైందేమిటో నాకు ఆరేళ్ళుగా తెలుసు. కాగితం మీదైతే మళ్ళీ చూసుకుంటావు.

స్క్రిప్టులు రాయి. భయపడకు, నీకు వచ్చు. ఒక్క సంగతి గుర్తు పెట్టుకో. తీసేసే పని ఏ స్క్రిప్టుకి ఇచ్చినా, మొదటి వారం దాన్ని ఏమీ తీసేయనివ్వకు. ఇవాళైతే ఇవిగో ఇవి తీసేసేదాన్ని అని జాబితా మాత్రం రాసిపెట్టమను. ఆ జాబితా రోజూ నువ్వు చదువు. వారం తర్వాత కూడా నీకు నమ్మకం కుదిరితే అప్పుడు కత్తి చేతికివ్వు. నడిపే టైము మధ్యాహ్నం పెట్టు. భోజనాల వేళ అందరూ బయట ఉంటారు, సర్వర్ ఖాళీగా ఉంటుంది.

నా స్క్రిప్టు ఒకటి అక్కడే ఉంది చూడు, "అద్దం" అని పేరు. రోజూ ఒంటిగంటకి లేచి, సర్వర్ మీద ఏముంటే అదే రెండో డిస్కు మీదకి కాపీ చేస్తుంది. అక్కడ ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. ఆరేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. దాని జోలికి వెళ్ళకు. మిగతా ఇల్లంతా నీదే.

వదిన.


సర్వర్ గది పక్క బల్ల,
మార్చి 25.

వదినా,

రెండు స్క్రిప్టులు పుట్టాయి. మొదటి దాని పేరు "సర్దు". అద్దాల గదిలోంచి వచ్చిన ఫైళ్ళకి పేరు పెట్టి ఎవరి ఫోల్డర్లో వాళ్ళవి వేస్తుంది. నాకు రెండు రోజులు పట్టే పని దానికి నలభై సెకన్లు. మొదటిసారి నడిపినప్పుడు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. మేస్త్రి తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకున్నాడు.

రెండోది "ఊడ్పు". ఒంటిగంటన్నరకి లేచి, "వచ్చినవి" అనే ఫోల్డర్లో అరవై రోజులు దాటిన ప్రతి ఫైలునీ తీసేస్తుంది. అరవై రోజుల్లో మేస్త్రి గొంతు కట్టడం ఎలాగూ అయిపోతుంది, మంచి ఫైళ్ళు ఎవరి ఫోల్డర్లోకి వాళ్ళవి వెళ్ళిపోతాయి, అక్కడ మిగిలేది చెత్తే. నువ్వు చెప్పినట్టే వారం రోజులు జాబితా మాత్రం రాయించాను. ఏడు జాబితాలూ ఒక్కో వరస చదివాను. ఒక్కటి కూడా తప్పు లేదు. ప్రింటు జతచేశాను. నువ్వు ఊ అంటే కత్తి ఇచ్చేస్తాను.

ఇక అసలు విశేషం. మన ఊరి రైల్వే స్టేషన్ అనౌన్సర్ గారు వచ్చారు. ఇరవై రెండేళ్ళు ఆ మైకు దగ్గర కూర్చున్నావిడ. ఏప్రిల్ 17న ఆపరేషన్. ఇప్పుడు గొంతు బాగా బొంగురుపోయింది, వాక్యానికి రెండుసార్లు దగ్గుతారు. ఆరువందలూ చదివాక నాతో, "ఈ గొంతుతో పెట్టె కడితే నాకొద్దమ్మా. ఇది జబ్బు గొంతు, నాది కాదు" అన్నారు.

దానికి ఆవిడే దారి చెప్పారు. స్టేషన్లో అనౌన్స్‌మెంట్ మెషీన్‌లో ఏడేళ్ళ కిందట, ఆరోగ్యంగా ఉన్నప్పుడు, ఆవిడ చదివినవన్నీ ఉన్నాయట. ఆ మెషీన్ తీసేసి కొత్తది పెడుతున్నారు. ఈలోగా ఆ ఫైళ్ళు తెచ్చుకోవడానికి అనుమతి దొరికింది. మన ఆఫీసు మెమరీ స్టిక్కు ఒకటి ఇచ్చి పంపాను. మేస్త్రి అయితే గాల్లో తేలుతున్నాడు. నలభై నిమిషాల శుభ్రమైన మాట దొరికితే చాలు, ఆవిడ అసలు గొంతే కట్టి ఇస్తానంటున్నాడు.

తొందరమ్మ.


కంటి ఆసుపత్రి వెనక వీధి, మూడో అంతస్తు గది,
ఏప్రిల్ 2.

తొందరమ్మకి,

నీ ఊడ్పుని మీ అన్నయ్య చదివి వినిపించాడు. పాపం దర్జీ మనిషి, కొలతలు తప్ప ఏనాడూ ఏమీ చదివి ఎరగడు. చుక్కని చుక్క అన్నాడు బాగానే ఉంది. నిలువు గీత దగ్గర "ఇక్కడ కుట్టు వేశారు" అన్నాడు. జల్లెడ అన్నాడు, పాము అన్నాడు, ఒకచోట "ఇదేదో గుండీ ఊడిపోయినట్టుంది" అన్నాడు. అదేమిటో కనుక్కోవడానికి పావుగంట పట్టింది. అయినా నాలుగుసార్లు చదివించుకుని ప్రతి వరసా మనసులో నడిపి చూశాను. శుభ్రంగా రాశావు. నేనైనా ఇంతకంటే బాగా రాయను. ప్రింటు మీద మార్కర్‌తో "భేష్" అని రాసి తిరిగి పంపుతున్నాను. నడిపించు.

అనౌన్సర్ గారి గొంతు నాకు బాగా తెలుసు. నీకు సైకిలుంది, రైలెక్కవు కాబట్టి తెలియదు. ఆ పని జాగ్రత్తగా చేయి. స్టిక్కులోంచి కాపీ చేసేటప్పుడు ఫైళ్ళ పాత తారీకులు చెదరకుండా చూడు. ఏ ఏడు చదివిందో కూడా ఆ మనిషి ఆస్తే.

కన్ను బాగానే ఉంది.

వదిన.


సర్వర్ గది పక్క బల్ల,
ఏప్రిల్ 24.

వదినా,

ఇక్కడ అంతా బాగానే ఉంది. స్క్రిప్టులు రెండూ రోజూ నడుస్తున్నాయి. డిస్కు అరవై నాలుగు శాతానికి దిగింది. వెబ్‌సైటు ఇబ్బంది లేదు. పని ఎక్కువగా ఉండి ఉత్తరం ఆలస్యమైంది. నువ్వు విశ్రాంతి తీసుకో. అన్నయ్యని అడిగానని చెప్పు.

తొందరమ్మ.


మూడో అంతస్తు గది,
ఏప్రిల్ 27.

తొందరమ్మకి,

నీ ఉత్తరం చదివించుకున్నాను. ఒక్క జోకు లేదు. అన్నయ్యని ఏడిపించలేదు. మేస్త్రిని వెక్కిరించలేదు. అనౌన్సర్ గారి ఊసే లేదు. "అన్నయ్యని అడిగానని చెప్పు" అట! చదివేది ఆయనే అని తెలిసీ. మీ అన్నయ్య కాగితం మడిచి, "దీనికి ఏదో అయింది" అన్నాడు.

ఏం పోయింది? రాయి.

వదిన.


సర్వర్ గది పక్క బల్ల,
ఏప్రిల్ 30.

వదినా,

ఫోన్ చేసి ఉండాల్సింది. నీ గొంతు వింటే ఏడుస్తాను, ఏడిస్తే జరిగింది వరసగా చెప్పలేను. అందుకే ఈ కాగితం పొద్దున బస్సులో వచ్చే మనిషితో పంపిస్తున్నాను, సాయంత్రానికి నీ చేతికి వస్తుంది.

అనౌన్సర్ గారి పాత గొంతు పోయింది. నేనే పోగొట్టాను.

ఏప్రిల్ 8 పొద్దున ఆవిడ స్టిక్కు తెచ్చి ఇచ్చారు. నువ్వు చెప్పినట్టే తారీకులు చెదరకుండా "వచ్చినవి" ఫోల్డర్లోకి కాపీ చేశాను. స్టిక్కు మన ఆఫీసుది కాబట్టి రూలు ప్రకారం తుడిచి బీరువాలో పెట్టాను. ఒంటిగంటకి నీ అద్దం వాటిని రెండో డిస్కు మీదకి ఎక్కించింది. ఒంటిగంటన్నరకి నా ఊడ్పు లేచింది. దాని లెక్కలో అవి ఏడేళ్ళ కిందటి ఫైళ్ళు. అరవై రోజులు ఏనాడో దాటిపోయినవి. పొద్దున వచ్చినవాటిని మధ్యాహ్నానికి ఒక్కటీ మిగల్చకుండా తీసేసింది. నేను ఆ టైములో కింద క్యాంటీన్‌లో మేస్త్రితో కబుర్లు చెబుతూ భోజనం చేస్తున్నాను. మర్నాడు ఒంటిగంటకి అద్దం మళ్ళీ వచ్చి చూసుకుంది. సర్వర్ మీద లేవు కదా అని రెండో డిస్కు మీదవీ తీసేసింది.

ఆ ఏడు జాబితాల్లో ఇది ఎందుకు దొరకలేదంటే, ఆ వారం బయటినుంచి పాత రికార్డింగులు తెచ్చినవాళ్ళే లేరు. అన్నీ మన గదిలో పుట్టిన ఫైళ్ళే.

ఆపరేషన్ 17న అయిపోయింది. 22న మేస్త్రి ఫైళ్ళు అడిగితే ఫోల్డరు తెరిచాను, ఖాళీ. స్టేషన్‌కి పరిగెత్తాను. పాత మెషీన్ తుక్కులోకి వెళ్ళిపోయింది. గోడకి నాలుగు మేకులు, మెషీన్ ఉన్నంత మేర తెల్లటి గుర్తు, అంతే. ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఎనిమిది రోజులుగా ఆ ఇంటి వీధిలో సైకిలు తొక్కి, చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తున్నాను.

నీ దగ్గర దాచినందుకు సిగ్గుగా ఉంది.

తొందరమ్మ.


మూడో అంతస్తు గది,
మే 1.

తొందరమ్మకి,

నిన్న సాయంత్రం నీ ఉత్తరం సగంలో ఉండగానే మీ అన్నయ్య చేత ఫోన్ చేయించాను. "అద్దం ఆపెయ్, రెండో డిస్కు ఊడదీసి బల్ల మీద పెట్టు, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు" అని ఆయన చెప్పింది నా మాటే. నువ్వు అలాగే చేశావని విన్నాను. ఇప్పుడు మిగతాది ఈ ఉత్తరంలో ఉంది, ఆయనే రాస్తున్నాడు.

ముందు నా వంతు ఒప్పుకోనీ. ఊడ్పు నీది. దానికి భేష్ అన్నది నేను. తారీకు చూడాలని ఇద్దరికీ తట్టింది, ఎవరు వేసిన తారీకు అని ఇద్దరికీ తట్టలేదు. ఫైలు పుట్టిన రోజు వేరు, మన గుమ్మంలోకి వచ్చిన రోజు వేరు. పైగా తారీకులు చెదరనివ్వకు అని నీ చెవిలో ఊదింది నేనే. ఇక ఆ అద్దం సంగతి. ఆరేళ్ళు దాన్ని చూసుకుని మురిసిపోయాను. ఇక్కడ పోయింది అక్కడా పోతే రెండో డిస్కు ఎందుకు? ఆరేళ్ళ కిందట నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. తప్పు సగం నీది, సగం కంటే కొంచెం ఎక్కువ నాది. ఇక దాని గురించి ఏడవడం చాలు, పని ఉంది.

తీసేసిన ఫైలు వెంటనే మాయమవదు. డిస్కు దాని పేరు కొట్టేసి, ఈ చోటు ఖాళీ అని రాసుకుంటుంది. ఆ చోట ఇంకొకటి వచ్చి కూర్చునేదాకా మాట అక్కడే ఉంటుంది. సర్వర్ డిస్కు మీద రోజంతా ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది, దాని మీద ఆశ పెట్టుకోకు. రెండో డిస్కు మీద రోజుకి ఒక్కసారే రాస్తాం. ఈ ఇరవై రోజుల్లో కొన్ని చెరిగి ఉంటాయి, అన్నీ చెరగవు. ఖాళీ చోట్లలో ఆడియోలా కనిపించే ప్రతి ముక్కనీ ఏరి తెచ్చే ప్రోగ్రాం మేస్త్రి దగ్గరుంది. ఆ డిస్కుని చదవడానికి మాత్రమే తగిలించి, ఏరినవి వేరే డిస్కు మీద వేయమను. పేర్లు రావు. మాటలు వస్తాయి.

ఇది మొదలుపెట్టే ముందు ఇంకో పని. వీధి చివరి నుంచి వెనక్కి రాకు. వెళ్ళి ఆవిడకి చెప్పు. దొరికాక చెబుదామనుకోవద్దు, దొరకకముందే చెప్పాలి.

వదిన.


సర్వర్ గది పక్క బల్ల,
మే 6.

వదినా,

వెళ్ళాను. ఆవిడ ఇల్లు ఒక మందుల షాపు పైన. మెడకి తెల్లటి కట్టు, చేతిలో స్పైరల్ పుస్తకం. నేను నిలబడే మొత్తం చెప్పాను, స్క్రిప్టు, తారీకు, అద్దం, క్యాంటీన్ భోజనంతో సహా. దొరుకుతాయని మాట ఇవ్వలేదు.

ఆవిడ పుస్తకంలో రాసి నా వైపు తిప్పారు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఇరవై రెండేళ్ళు రోజుకి పదిసార్లు ఆలస్యానికి చింతిస్తున్నాము అన్నాను. ఒక్కసారి కూడా ఆ తప్పు నాది కాదు. తప్పు చేసినవాళ్ళు ఎదురుగా వచ్చి చెప్పడం ఇప్పుడే చూస్తున్నాను. కూర్చో."

కూర్చున్నాను. అప్పుడు ఏడ్చాను. ఆవిడా ఏడ్చారు, చప్పుడు లేకుండా. అది చూసి తట్టుకోవడం నా వల్ల కాలేదు వదినా. ఆ తర్వాత మళ్ళీ రాశారు. "నా గొంతు నాకు కావాలి. వెతుకు."

వెతికాం. మేస్త్రి ప్రోగ్రాం రెండు రోజులు నడిచి పందొమ్మిది వందల నలభై ముక్కలు ఏరింది. పేరూ ఊరూ లేవు, వట్టి నంబర్లు. వాటిలో మన పేషెంట్లందరి పాత ముక్కలూ కలిసిపోయాయి. ఇక్కడ నాకు ఒకటి తోచింది. స్టేషన్ మెషీన్ పాతది, మన గదికంటే తక్కువ నాణ్యతతో రికార్డు చేస్తుంది. ఆ గుర్తు ఫైలు పేరులో కాదు, ఫైలు కడుపులోనే రాసి ఉంటుంది. ఒక్కో ముక్కనీ తెరిచి ఆ గుర్తు చూసి వేరు చేసే స్క్రిప్టు ఇరవై వరసల్లో రాశాను. దీనికి ఏదీ తీసేసే అధికారం లేదు, పక్కన పెట్టడమే. ఒక నిమిషంలో ఆరువందల పదకొండు తేల్చింది. అన్నీ స్టేషన్‌వే!

కానీ ఇంకో చిక్కు. ఆ మెషీన్‌లో ఇద్దరు అనౌన్సర్లు చదివారట, పొద్దుటావిడ, సాయంత్రం ఈవిడ. స్టిక్కులోకి ఇద్దరివీ వచ్చాయి, పేర్లుంటే చూసి ఏరేవాళ్ళం, ఇప్పుడు పేర్లే లేవు. ఇద్దరూ అవే మాటలు, అదే పద్ధతి. కలిసిపోయాయంటే పెట్టె ఇద్దరాడవాళ్ళలా మాట్లాడుతుంది. నేను వింటే ఇద్దరూ ఒకటే. ఆవిడని విని చెప్పమంటే మూడో ముక్క దగ్గరే చెవులు మూసుకున్నారు. పుస్తకంలో మాత్రం ఒక ఆనవాలు రాసి ఇచ్చారు. "'దయచేసి' తర్వాత నేను చిన్న ఊపిరి తీసుకుంటాను. ఆవిడ తీసుకోదు."

నీకా గొంతు తెలుసన్నావు. ఆరువందల పదకొండూ చిన్న ప్లేయర్లో వేసి, గుండీలు తడిమి చూసేలా ఉన్నది కొని పంపిస్తున్నాను. కళ్ళతో పని లేదు.

పోయిన ఉత్తరం అంతా అన్నయ్య అక్షరాలే. నీ మార్కర్ ఏమైంది?

తొందరమ్మ.


మూడో అంతస్తు గది,
మే 27.

తొందరమ్మకి,

మార్కర్ ఎండిపోయింది. కన్ను బాగానే ఉంది.

ఫైలు కడుపులో చూడాలన్న ఆలోచన నాకు వచ్చేది కాదు. ఇది ముఖస్తుతి కాదు. మీ అన్నయ్య "రాయనా?" అని రెండుసార్లు అడిగాడు, రాయమన్నాను.

పందొమ్మిది రోజులు విన్నాను. పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు, కిటికీ పక్క కుర్చీలో. మీ అన్నయ్య కుట్టు మిషను ఆపి పక్కన కూర్చుంటాడు. నేను కుడి చెయ్యి ఎత్తితే నంబరు రాస్తాడు, ఎడమ చెయ్యి ఎత్తితే కొట్టేస్తాడు. మొదటి రోజు ఇద్దరూ ఒక్కరే అనిపించారు, ఓడిపోయాననే అనుకున్నాను. నాలుగో రోజుకి ఆ ఊపిరి వినిపించింది. ఇంతే, దారం తెంపినంత చప్పుడు. ఒకసారి పట్టుబడ్డాక ఇక దాక్కోలేకపోయింది. ఆ తర్వాత "దయచేసి" లేని వాక్యాల్లో కూడా ఆవిడని పోల్చుకున్నాను. అంకెలు చెప్పేటప్పుడు ఆరు దగ్గర కొంచెం నవ్వుతుంది. ఎందుకో ఆవిడనే అడగాలి.

రెండువందల మూడు ముక్కలు ఆవిడవి. మొత్తం నలభై ఆరు నిమిషాలు. ముప్పై ఒక్కటి అనుమానం, వదిలేశాను. ఒక్కటి కూడా పొరపాటున ఆవిడ గొంతులో కలవకూడదు. మేస్త్రి నలభై అడిగాడు కదా, ఆరు నిమిషాలు ఎక్కువే ఇస్తున్నానని చెప్పు.

జాబితా జతచేశాను. దాన్ని ముందు మూడు కాపీలు తీయి. ఆ తర్వాతే మిగతా మాట.

వదిన.


సర్వర్ గది పక్క బల్ల,
జూన్ 20.

వదినా,

మూడు కాపీలు తీశాను, మూడు గదుల్లో పెట్టాను. ఒకటి మేస్త్రి టిఫిన్ బాక్సు పక్కన ఉంది, అక్కడైతే వాడు రోజూ చూస్తాడు.

కొత్త పద్ధతి విను. ఇప్పుడు మన దగ్గర ఏ స్క్రిప్టూ ఏదీ తీసేయదు. ఊడ్పు అన్నీ "గుమ్మం బయట" అనే ఫోల్డర్లోకి జరుపుతుంది, అంతే. ప్రతి ఫైలుకీ అది మన దగ్గరికి వచ్చిన తారీకు వేరే చీటీలో రాసుకుని ఆ చీటీ చూసే జరుపుతుంది. గుమ్మం బయట తొంభై రోజులు ఉన్నాక ఒక మనిషి చూసి సంతకం పెడితేనే పోతుంది. అద్దం పీకేశాను, క్షమించు. దాని బదులు ఏ రోజు కాపీ ఆ రోజుదే విడిగా ఉంటుంది, ఇవాళ్టి తప్పు నిన్నటి కాపీని ముట్టుకోలేదు. డిస్కు డెబ్భై రెండు శాతం. తనిఖీ ఆవిడ మళ్ళీ వచ్చి, "ఈ డిస్కు ఇంకా ఖాళీ చేయొచ్చు కదా" అంది. "చేయొచ్చండీ, చేయను" అన్నాను. ఎందుకో చెప్పాను. దాచలేదు. రాసుకుని వెళ్ళింది.

నిన్న మేస్త్రి పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. అనౌన్సర్ గారు టైపు చేశారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆ పెట్టెలోంచి వచ్చిన మొదటి మాట, "మేస్త్రీ, కొంచెం స్పీడు తగ్గించు." మేమిద్దరం నవ్వేశాం. ఆవిడకి నవ్వు వచ్చింది కానీ నవ్వడానికి పెట్టెలో నవ్వు లేదు. తర్వాత అదే వాక్యం నాలుగుసార్లు మళ్ళీ మళ్ళీ నొక్కి విన్నారు, పెట్టెని చెవికి ఆనించుకుని.

వెళ్తూ నీ నంబరు అడిగారు. విని ఏరింది కంటి ఆపరేషన్‌కి వెళ్ళిన మా వదిన అని చెప్పాను. నీకు ఫోన్ అంటే గిట్టదని తెలిసీ ఇచ్చాను. కోప్పడితే కోప్పడు.

తొందరమ్మ.


మూడో అంతస్తు గది,
జూన్ 24.

తొందరమ్మకి,

ఇది నేనే రాస్తున్నాను. వరసలు ఒకదాని మీద ఒకటి పడితే సర్దుకుని చదువు.

నిన్న పొద్దున ఫోన్ మోగింది. మీ అన్నయ్య నా చేతికిచ్చాడు. అటునుంచి "నమస్కారం" వినగానే ఎవరో తెలిసిపోయింది. నా చెవుల్లో పందొమ్మిది రోజులు కాపురం చేసిన గొంతు. ఏ రైలు గురించి చెబుతుందా అని చూశాను, నిజంగా. ఆ గొంతు అంతకుమించి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కొంచెం ఆగింది, టైపు చేస్తోంది కదా. తర్వాత అడిగింది.

"మీ కన్ను ఎలా ఉంది?"

ఆ రెండువందల మూడు ముక్కల్లో ఒక్క ప్రశ్న లేదు తొందరమ్మా. అనౌన్సర్లు ఎవరినీ ఏమీ అడగరు. వాళ్ళకి జవాబు చెప్పే మనిషి ఎదురుగా ఉండడు. ఆ గొంతు మొట్టమొదటిసారి ఒకరిని ఏదో అడుగుతోంది, అడుగుతున్నది నన్ను. నీకు రాసిన అబద్ధం నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఎడమ కన్ను పోయిందండీ" అన్నాను. "రెండోసారి ఆపరేషన్ చేశారు, నిలవలేదు. ఏప్రిల్ చివర్లోనే చెప్పేశారు. మా ఆడపడుచుకి చెప్పలేదు, అది అప్పుడు మీ ఫైళ్ళ బాధలో ఉంది. ఆ తర్వాత చెప్పే ధైర్యం చాలలేదు."

నువ్వు వారం దాచావని సిగ్గుపడ్డావు. నేను రెండు నెలలు దాచాను. మీ అన్నయ్యని తిట్టకు, "కన్ను బాగానే ఉంది" అని రాసేటప్పుడు ఆయన చెయ్యి ఆగింది, నేనే రాయమన్నాను. తెర సరిగ్గా చూడలేనిదాన్ని ఆ బల్ల దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని రావాలని ఈ గదిలోనే ఉండిపోయాను. డాక్టరు నన్ను మే నెలలోనే వెళ్ళిపొమ్మన్నాడు.

ఇదంతా ఆవిడకి చెప్పేశాను. కన్నవాళ్ళకి కూడా చెప్పనిది ఒక పెట్టెకి చెప్పాను. అటు మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"రెండో కన్ను?"

"అది చూస్తుందండీ. పెద్దక్షరాలైతే చదువుతుంది."

"చెవులు?"

"మీకు తెలుసు కదండీ" అన్నాను.

మళ్ళీ టైపు చేసింది. తర్వాత ఆ గొంతు, జబ్బూ లేదు, దగ్గూ లేదు, స్టేషన్ అంతా వినపడేంత తేటగా, "అయితే ఇంకా అక్కడెందుకున్నారు? బయల్దేరండి" అంది.

ఆ గొంతు చెప్పాక నిలబడి ఉండటం నాకు చేతకాదు. సోమవారం వస్తున్నాను.

వదిన.